ఖాళీ అని రాసిన చోటు

మా అత్తయ్య పోయిందన్న మాట నాకు మాచర్ల బస్టాండులో తెలిసింది. ఆ పూట నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి, చారన్నం గిన్నె సంచిలో పెట్టుకుని మా ఊరి బస్సు ఎక్కబోతున్నాను. మెట్టు మీద కాలు పెట్టగానే కండక్టరు నా చేతిలో సంచి అందుకుని, "నీకెట్టా చెప్పాలో తెలవట్లేదు అక్కా. మీ అత్త తెల్లారేసరికి పోయిందంట. మొదటి ట్రిప్పులో మీ ఊళ్లో చెప్పారు" అన్నాడు. అతనిది మా పక్క ఊరే. కిటికీ దగ్గర కూర్చున్న మనిషిని లేపి నన్ను కూర్చోబెట్టాడు. దారి పొడుగునా బస్సులో ఎవరూ నన్ను పలకరించలేదు. అదే మంచిదైంది.

కోడలు అత్తగారి గురించి మంచిమాట రాస్తే మొహమాటానికి రాసిందనుకుంటారు. మా ఇద్దరి మధ్యా మొహమాటం ఎప్పుడూ లేదు. కాపురానికి వెళ్లిన కొత్తలోనే, "మీరు, గారు అంటంటే నాకు ఎవరో చుట్టాలింట్లో ఉన్నట్టుందమ్మాయ్. నువ్వు అను" అంది. అప్పటినుంచి అలాగే అన్నాను. ఇక్కడా అలాగే రాస్తున్నాను. చదివేవాళ్లు తప్పుగా అనుకోవద్దు.

పొట్టి మనిషి. నడక మాత్రం ఎంత వేగమంటే, పొలానికి వెళ్లేటప్పుడు మేమందరం వెనక పరుగులాంటి నడకతో అందుకోవాల్సి వచ్చేది. మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంటే పక్కన ఎవరున్నారో చూసుకోకుండా మాట్లాడుతూ పోయేది. ఎవరేం అడిగినా "నాకు తెలవదు" అనేది కాదు. "కనుక్కుందాం" అనేది. అని ఊరుకునే రకం కాదు, నిజంగానే వెళ్లి కనుక్కునేది. చుట్టాల ఊరికి వెళ్తే ఇంట్లోవాళ్ల కుశలం కన్నా ముందు ఆ ఊళ్లో ఆడవాళ్లు మంచినీళ్లకి ఎంత దూరం నడుస్తారు, పొద్దున్నే ఎటు వెళ్తారు అని అడిగేది. నా ఆడబిడ్డకి సంబంధం చూడటానికి వెళ్లినప్పుడు కూడా పెళ్లికొడుకుని ఒక్క చూపు చూసి, పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. బయటికి వచ్చి, "పిల్లోడు బాగానే ఉన్నాడు. మరుగుదొడ్డే లేదు" అంది అందరూ వినేటట్టు. ఆ సంబంధం కుదిరింది కానీ, పెళ్లికి ముందే వాళ్లు పెరట్లో దడి కట్టించి ఒక చిన్న దొడ్డి వేయించారు.

అత్తయ్య మా పంచాయతీలో మెంబరు. ఆడవాళ్ల సీటుకి ఒక పేరు కావాలంటే మా మామగారు భార్య పేరు ఇచ్చారు. "పోయి సంతకం పెట్టి రావటమే" అని చెప్పారట. ఇంకో ఆడ మెంబరు మస్తాన్‌బీ. మా పక్కింటావిడ. ఆవిడ భర్త లారీలు, ఆయిలింజన్లు బాగుచేసే మెకానిక్కు. ఇద్దరూ వదినా వదినా అనుకుంటూ మీటింగుకి కలిసి వెళ్లేవాళ్లు. గుమ్మం పక్కన చాప మీద కూర్చుని, టీ తాగి, సంతకం చేసి వచ్చేవాళ్లు. నేను ఇంటరు పాసై వచ్చానని తెలిశాక అత్తయ్య నన్ను కూడా వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టింది. "వాళ్లు చదివి వినిపించేది వాళ్లకి కావాల్సింది. నువ్వు మొత్తం చదివి చెప్పు" అనేది.

మా ఊరు నడికుడికి లోపలగా, నాపరాళ్ల గనుల దగ్గర ఉంటుంది. నేను కాపురానికి వచ్చేసరికే సాగరు కాలవ నీళ్లు మా వైపు పారుతున్నాయి. వెనక జొన్న, కంది వేసిన చేలు వరి మళ్లయ్యాయి. గనుల్లో పనికి బయటినుంచి జనం వచ్చి ఎవరికి తోచిన చోట వాళ్లు పాకలు వేసుకుంటున్నారు. బండలు కోసే మిషన్లు ఒకటి బడి పక్కన, ఒకటి మంచినీళ్ల బావి పక్కన వెలిశాయి. ఆరేసిన బట్టల మీద తెల్లగా రాతిపొడి పడేది. చూసీ చూసీ సర్పంచిగారు జిల్లా ఆఫీసుకి వెళ్లి, మా ఊరికి ఒక ప్లాను గీసి పెట్టమని అడిగారు. రాబోయే ఇరవై ఏళ్లలో ఇళ్లు ఎటు పెరగాలి, మిషన్లు ఎక్కడ ఉండాలి, పశువులు ఎక్కడ మేయాలి, శ్మశానానికి దారి ఎటు పోవాలి, అన్నీ ముందే తేల్చుకోవాలని. అలా ఒక ప్లానింగు ఆఫీసరు మా ఊరికి వచ్చాడు. కుర్రవాడే, నెమ్మదస్తుడు. కొన్నాళ్లు ఊరంతా తిరిగి, ఒక ఆదివారం బడి వరండాలో రెండు బల్లలు కలిపి మ్యాపు పరిచాడు.

నాకు ఆ మ్యాపు ఇప్పటికీ కళ్ల ముందుంది. ఇళ్లు ఎర్రగా, పొలాలు పచ్చగా, కాలవ నీలంగా. పడమటి వైపు రోడ్డు వెంట ఒక పెద్ద తెల్లటి ముక్క. దాని మీద "ఖాళీ పోరంబోకు" అని అందంగా రాసి ఉంది.

"ఇది పూర్తిగా ఖాళీ" అన్నాడు ఆఫీసరు దాని మీద వేలు పెట్టి. "పంట లేదు, ఇల్లు లేదు, మట్టి కూడా పనికిరాదు. బండల మిషన్లన్నీ ఇక్కడికి మార్చేస్తే ఊళ్లో దుమ్ము పోతుంది. రోడ్డు పక్కనే కాబట్టి లారీలకీ సులువు."

అందరికీ నచ్చింది. అందరికన్నా మా మామగారికి ఎక్కువ నచ్చింది. ఆయనా ఇంకొకాయనా కలిసి కొత్త మిషను పెట్టాలని అప్పటికే అనుకుంటున్నారు. సర్పంచిగారు మీటింగు ముగించే తొందరలో గుమ్మం వైపు తిరిగి, "మెంబరమ్మగారూ, మీరేమన్నా చెప్తారా?" అన్నారు. చెప్తారని అడిగింది కాదు.

అత్తయ్య కొంగు నడుముకి దోపుకుని లేచింది.

"అది ఖాళీ కాదయ్యా" అంది.

ఆఫీసరు మ్యాపు వైపు మరోసారి చూశాడు. "ఎవరైనా ఆక్రమించారా అమ్మా?"

"ఆక్రమించాం."

"ఎవరు?"

"మేమే. ఊళ్లో ఆడోళ్లమంతా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మామగారు పళ్లు బిగించి, "ఏమే, కూకో" అన్నారు.

"కూకుంటా. చెప్పినాక కూకుంటా" అంది అత్తయ్య. "తూరుపున వరి మళ్లొచ్చినయ్. ఉత్తరాన కాలవ. దచ్చిణాన గనులు, అక్కడంతా మొగోళ్లే. మాకు మిగిలింది ఆ బీడొక్కటే. తెల్లారకముందు ఒకసారి, పొద్దుగూకినాక ఒకసారి అక్కడికే పోతాం. దాన్ని కూడా మిషన్లకిస్తే మేం యాడికి పోవాల? ఆ చోటు కూడా మ్యాపులో చూపించండి, అక్కడికే పోతాం."

సర్పంచిగారు బల్ల మీద లేని దుమ్ము దులుపుతున్నారు. అప్పుడు మస్తాన్‌బీ కూర్చున్నచోటి నుంచే, "వదిన చెప్పేది నిజం. మా పిల్ల మధ్యానం నుంచి మంచినీళ్లు కూడా తాగదు, పొద్దుగూకేదాకా ఆపుకోవాలని" అంది.

ఆఫీసరుకి అర్థమయ్యేసరికి మొహం ఎర్రబడింది. నవ్వుతాడేమోనని నేను భయపడ్డాను. నవ్వలేదు. కలానికి మూత పెట్టి, "పొరపాటు నాదేనమ్మా. ఆ స్థలాన్ని నేను మధ్యాహ్నం పూట వచ్చి చూశాను" అన్నాడు. ఆ సంగతి వచ్చే మీటింగులో తేలుద్దామని మ్యాపు చుట్టేశాడు.

ఇంటికి వచ్చాక మామగారు చెప్పులు విసిరేసిన చప్పుడు వీధిలోకి వినపడింది. "పదిమందిలో నా పరువు తీశావ్. ఆడది మాట్లాడాల్సిన మాటేనా అది?"

"మొగోడివి నువ్వు మాట్లాడలేదుగా. అందుకని నేను మాట్లాడా" అంది అత్తయ్య.

ఆ రోజు నుంచి ఆయన ఆవిడతో మాట్లాడటం మానేశారు. ఆ ఏడు మిరపకోతలన్నీ మా ఇంట్లో అలాగే జరిగాయి. ఇద్దరూ ఒకే పంచలో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. "అమ్మాయ్, మజ్జిగ ఉందేమో మీ అత్తని కనుక్కో" అనేవారు ఆయన. "ఉందని మీ మామకి చెప్పు" అనేది ఆవిడ. నేను మధ్యలో నిలబడి గ్లాసు అందించేదాన్ని. పగలంతా అత్తయ్య మామూలుగానే ఉండేది. ఒక్కొక్కసారి కూరలో ఉప్పు మర్చిపోయేది. అత్తయ్య ఉప్పు మర్చిపోవడమంటే మనసు ఎక్కడో ఉన్నట్టు లెక్క.

ఇప్పుడొక సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. కానీ అది చెప్పకపోతే మా అత్తయ్య ఎందుకంత పట్టు పట్టిందో మీకు తెలియదు. గనుల నుంచి రాళ్ల లారీలు ఆ బీడు పక్కన రోడ్డు మీదుగానే పోయేవి. అక్కడ చెట్టూ పుట్టా లేదు. పొద్దుగూకాక లారీ లైటు మా మీద పడగానే ఎక్కడివాళ్లం అక్కడ లేచి నిలబడేవాళ్లం. లారీ పోయాక మళ్లీ కూర్చోవడం. ఇంకో లారీ వస్తే మళ్లీ లేవడం. మొహం మీదికి కొంగు లాక్కుని, వరసగా నిలబడి ఉండే ఆడవాళ్లని చూసి కొందరు డ్రైవర్లు హారన్ కొట్టి మరీ పోయేవాళ్లు. నేను నరసరావుపేటలో పుట్టిపెరిగినదాన్ని. మొదటిసారి అలా నిలబడిన రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. అత్తయ్య నా పక్కన కూర్చుని వీపు రాసింది.

ఆ మిరపకోతలప్పుడు నాకు నెలలు నిండుతున్నాయి. ఒక సాయంత్రం మునిచీకటి పడ్డాక అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని బీడుకి వెళ్లింది. లారీ వచ్చింది. అందరూ లేచారు. నేను లేవలేకపోయాను. పొట్ట బరువుకి కాళ్లు కదల్లేదు. అత్తయ్య గబుక్కున నాకూ రోడ్డుకీ మధ్య వచ్చి నిలబడింది. రెండు చేతులతో కొంగు చాపి పట్టుకుంది, గాలికి ఎగురుతుంటే గట్టిగా లాగి పట్టుకుంది. లైటంతా ఆవిడ మొహం మీద. ఆవిడ మొహం దాచుకోలేదు. దాచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

లారీ పోకుండా ఆగింది. క్యాబిను తలుపు తెరుచుకుని ఒక మనిషి దిగాడు. మా మామగారు. మిషను పని మీద గనికి వెళ్లి ఆ లారీలో ఇంటికి వస్తున్నారు. ఆయనకి అత్తయ్య కనపడింది. ఆవిడ వెనక నేలమీద ఎవరున్నారో కూడా తెలిసే ఉంటుంది. డ్రైవరుతో ఏదో గట్టిగా అన్నారు. లైట్లు ఆరిపోయాయి. లారీ అక్కడే, చీకట్లో, మేమందరం ఊళ్లోకి మళ్లేదాకా కదలకుండా ఉంది. మామగారు పొలాల గట్ల మీదుగా ఎటో వెళ్లిపోయారు.

ఇంటికి ఆలస్యంగా వచ్చారు. కాళ్లు కడుక్కుని కంచం ముందు కూర్చుని, నా వైపు చూడకుండా, నేరుగా అత్తయ్యని అడిగారు.

"అమ్మాయికి అన్నం పెట్టావా?"

"పెట్టా" అంది అత్తయ్య. "నువ్వు తినయ్యా."

అంతే. దాని గురించి వాళ్లిద్దరూ ఇంకేమీ మాట్లాడుకోగా నేను వినలేదు. తర్వాతి మీటింగులో మాత్రం మామగారే ముందు లేచి, "మా మిషను గనుల దారిలో పెట్టుకుంటాం. పడమటి బీడుని దాని మానాన ఉండనీండి" అన్నారు. ఆయనతో కలిసి మిషను పెట్టాలనుకున్న మనిషి మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. ఆ మిషను చివరికి రానేలేదు.

ఆ రోజు ఆఫీసరు అత్తయ్యకి ఒక సంగతి చూపించాడు. బీడు పైభాగం ఫరవాలేదు. కింది సగం మాత్రం మంచినీళ్ల బావి వైపుకి వాలి ఉంది. వాన పడితే ఆ నీరంతా అటే దిగుతుంది. "కింది సగం వదిలెయ్యాలమ్మా. లేకపోతే ఊరికి జబ్బులొస్తాయి" అన్నాడు. అత్తయ్య మ్యాపు మీదికి వంగి, వాలు ఎటో, బావి ఎటో ఆయన చేత మళ్లీ చెప్పించుకుంది. "అది నాకు తట్టనే లేదు బాబూ. మా నీళ్లు మేమే పాడు చేసుకుంటన్నామన్నమాట" అని కింది సగం వదులుకుంది. అక్కడ కానుగ చెట్లు వేయాలని రాశారు.

"మరి పైభాగానికి ఏమని రాయమంటారు?" అన్నాడు ఆఫీసరు.

"రిజర్వుడు అని రాయండి సార్" అన్నారు సర్పంచిగారు.

"అట్టా రాస్తే రేపొచ్చే ఆఫీసరు ఎవరికి రిజర్వుడో తెలవక ఇంకెవరికో ఇచ్చేస్తాడు" అంది అత్తయ్య. "తోట అని రాయండి. ఆడోళ్ల తోట."

ఆయన నవ్వి, తెల్లటి ముక్క మీద అదే అందమైన అక్షరాలతో "మహిళల తోట" అని రాశాడు.

తోటకి కంచె ఎక్కడ రావాలో తేల్చడానికి ఆయన కొయ్యమేకులు మా చేతికిచ్చి బడి దగ్గరే ఉండిపోయాడు. మా పాపకి అప్పటికి మూడో నెల. పిల్లని మస్తాన్‌బీ కూతురు ఎత్తుకుంటే నేను వెళ్లాను. అత్తయ్య రోడ్డు మీద అటూ ఇటూ నడిచి చూసింది. నడిచేవాళ్లకి కనపడకపోతే చాలదు, లారీలో కూర్చున్నవాళ్లకి కూడా కనపడకూడదని అప్పుడు తట్టింది ఆవిడకి. మస్తాన్‌బీ భర్త దగ్గర రిపేరుకి వచ్చిన లారీ ఒకటి ఉంటే దాన్ని రోడ్డు మీదికి తెప్పించింది. ఆ పొట్టి మనిషిని క్యాబినులోకి ఎక్కించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. ఎక్కి కూర్చుని, తల బయటపెట్టి అరవడం మొదలుపెట్టింది.

"కూకో అమ్మాయ్! కూకో! ఆఁ, కనపడతన్నావ్! ఇంకా లోపలికి జరుగు! వదినా, నువ్వు కూడా కనపడతన్నావ్, నీ ఎర్రకోక ఊరంతా కనపడతంది!"

మేము నవ్వలేక చచ్చిపోయాం. కూర్చోవడం, జరగడం, మళ్లీ కూర్చోవడం. ఎవరూ కనపడని చోటు వచ్చాక ఆవిడ "అక్కడ కొట్టండే" అని అరిచింది, మేము మేకు దిగ్గొట్టాం. ఏ చోట నిలబడటానికి మేమంతా సిగ్గుతో చచ్చేవాళ్లమో ఆ చోట పట్టపగలు అంతమంది ఆడవాళ్లం అంత పెద్దగా నవ్వుకోవడం అదే మొదటిసారి.

మొదటి ఏడు కంప కొట్టి దడి పెట్టారు. దడి లోపల అత్తయ్య సీతాఫలం గింజలు నాటించింది. రాళ్లలో కూడా బతుకుతుందని. మస్తాన్‌బీ వాళ్ల పుట్టింటి నుంచి గోరింట కొమ్మలు తెచ్చి రోడ్డు వైపున గుచ్చింది. ఎండాకాలం ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు బిందెడు నీళ్లు తీసుకెళ్లి పోయాలని అత్తయ్య పెట్టిన రూలు. పోయకపోతే వాళ్లింటి ముందు నిలబడి అడిగేది. కొన్నేళ్లకి గోరింట మనిషెత్తు పెరిగింది. అట్లతద్దికి ఊళ్లో ఆడపిల్లల చేతులు ఆ ఆకుతోనే పండేవి. లారీలు పోతూనే ఉండేవి. మేం లేవడం మాత్రం మానేశాం.

సమితులు పోయి మండలాలు వచ్చిన కొత్తలో ఒక అధికారి పాత ప్లాను చూసి, "మీ ఊళ్లో మహిళల తోట ఉందట, బాగుందే, చూపించండి" అని జీపులో వచ్చాడు. సర్పంచిగారు నీళ్లు నమిలారు. అత్తయ్యే వెళ్లి తోట దారికి అడ్డంగా నిలబడి, "మీ ఇంటావిడని పంపండి బాబూ. ఆమె చూసొచ్చి మీకు చెప్తది" అంది. ఆయన జీపు తిప్పుకుని వెళ్లిపోయాడు.

ప్లానులో గీసినవన్నీ జరిగాయని నేను చెప్పను. బడి పక్క మిషను కదల్లేదు. శ్మశానానికి గీసిన దారి ఇంకా గీతగానే ఉంది. కాలవ గట్టున ఇళ్లు కట్టొద్దన్న చోటే ఇళ్లు లేచాయి. అవన్నీ చూసి నేను విసుక్కుంటే అత్తయ్య, "ఇరవై ఏళ్లని రాశారుగా, అప్పుడే అయిపోయినయ్యా?" అనేది. ఇంటింటికీ దొడ్డి రావాలని, వస్తుందని ఆవిడ నమ్మకం. "వచ్చిననాడు ఇది నిజంగా తోటవుద్ది. నీ కూతురు వాళ్ల పిల్లల్ని ఇక్కడ ఆడించుకుంటది. సీతాఫలాలు తింటారు" అనేది.

మ్యాపు చూడటం కూడా ఆవిడకి అలవాటైంది. ఎక్కడ ఏ మ్యాపు కనపడినా, బడిలో గోడకి వేలాడే దేశపటమైనా సరే, తెల్లగా వదిలేసిన చోట వేలు పెట్టి, "ఇక్కడ కూడా ఎవరో ఒకరు ఉంటారమ్మాయ్. వచ్చి చూసినోడికి ఆ పూట కనపడలేదు, అంతే" అనేది.

మా ఇంటికి ఏ ఆడమనిషి వచ్చినా ముందు చెంబెడు నీళ్లు చేతికిచ్చి తాగేదాకా ఎదురుగా నిలబడేది. "తాగండే. చోటుందిగా" అనేది. దాహం లేదన్నా వినేది కాదు. ఆ పట్టుదల ఎందుకో నాకు కిందటేడు తెలిసింది. ఒళ్లు వాచి, నడుము నొప్పి అంటుంటే నరసరావుపేట తీసుకెళ్లాం. డాక్టరుగారు అన్నీ చూసి, "నీళ్లు సరిగా తాగేవాళ్లు కాదా అమ్మా?" అని అడిగారు.

"పెళ్లయినకాడి నుంచి పగటిపూట తాగింది లేదు బాబూ" అంది అత్తయ్య మామూలుగా, వంట గురించి చెప్తున్నట్టు. "ఆపుకోవటం అలవాటైపోయింది. తోట వచ్చినాక తాగుతన్నా. అప్పటికే ఆలస్యమైనట్టుంది."

మూత్రపిండాలు చెడిపోయాయని డాక్టరుగారు మాతో విడిగా చెప్పారు. మామగారు ఆ గది బయట గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డారు.

ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో కూడా ఆవిడ ఊరుకోలేదు. పక్క మంచాల దగ్గర రోగులతో వచ్చిన ఆడవాళ్లు ఎటు వెళ్లాలో తెలియక మొహమొహాలు చూసుకుంటుంటే నన్ను పంపి కనుక్కు రమ్మంది. తర్వాత కొత్తగా ఎవరు వచ్చినా మంచం మీద నుంచే పిలిచి, "అమ్మాయ్, వరండా చివర ఎడమ చేతి వైపు. గడియ సరిగా పడదు, ఒక మనిషిని బయట నిలబెట్టు" అని చెప్పేది. నర్సులు నవ్వేవాళ్లు. చివరికి వాళ్లే కొత్తవాళ్లని ఆవిడ మంచం దగ్గరికి పంపేవాళ్లు.

ఇంక లాభం లేదని ఇంటికి తీసుకొచ్చాక ఎక్కువ రోజులు లేదు. చివరి ఆదివారం నేను వెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నీ బళ్లో ఆడపిల్లలకి ఉందా?" అని అడిగింది. లేదన్నాను. "కనుక్కో" అంది. ఎవరిని కనుక్కోవాలో, ఏం కనుక్కోవాలో నేను అడగలేదు. నాకు తెలుసు. ఆ పని మొదలుపెట్టాను.

పెద్దకర్మ అయిన మర్నాడు సాయంత్రం నేను మాచర్ల బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నాను. ఆవిడ మంచాన పడ్డ ఎండాకాలం తోటకి నీళ్లు పోసేవాళ్లు లేక రోడ్డు వైపు కంచె ఒకచోట ఎండిపోయింది. మేకలు తొక్కి మనిషి పట్టేంత సందు చేశాయి. మా మామగారు అటు వస్తూ కనపడ్డారు. తల గొరిగించుకున్న మనిషి, భుజం మీద పెద్ద కంప మోపు. ఇన్నేళ్లలో ఆయన ఆ తోట దరిదాపుల్లోకి వచ్చి నేను చూడలేదు. సందుకి కొంచెం ఇవతలే ఆగి, గట్టిగా దగ్గారు.

"లోపల ఎవరన్నా ఉన్నారా అమ్మా?"

"ఉన్నాం తాతా" అని ఒక ఆడపిల్ల గొంతు వినపడింది. "అటు తిరుగు."

ఆయన మోపు దించలేదు. అటు తిరిగి, కాలవ అవతలి వరి మళ్లని చూస్తూ, ముళ్లు భుజానికి గుచ్చుకుంటున్నా కదలకుండా అలాగే నిలబడ్డారు.